గోదావరి డెల్టాలో బీపీ, షుగరు లెక్క తీయడం: నా అనుభవం

ఊళ్ళో నూటికి ఎంతమందికి బీపీ ఉంది, ఎంతమందికి షుగరుంది, వాళ్ళలో ఎందరికి ఆ సంగతి తెలుసు, తెలిసినవాళ్ళలో ఎందరు మందు వేసుకుంటున్నారు, వేసుకునేవాళ్ళలో ఎందరికి అదుపులో ఉంది. దీర్ఘకాలిక జబ్బుల మీద పనిచేసే ఎపిడెమియాలజిస్టుకి ఏళ్ళ తరబడి ఉండే పని చాలావరకు ఇదే. డాక్టరు దగ్గరికి జబ్బున్నవాళ్ళు వస్తారు. మేం జబ్బున్నవాళ్ళ దగ్గరికీ లేనివాళ్ళ దగ్గరికీ కూడా వెళ్ళాలి. లేకపోతే నూటికి ఎంత అన్న లెక్కలో కింద వేయాల్సిన ఆ నూరు దొరకదు. ఆస్పత్రి రిజిస్టరు చూసి ఊరి లెక్క చెబితే అది ఆస్పత్రికి వచ్చేవాళ్ళ లెక్కే అవుతుంది. మెడికల్ క్యాంపు పెట్టి తీసినా అంతే. క్యాంపు అనగానే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ముందు వరసలో కూర్చుంటారు, పొలం వెళ్ళిన కొడుకు రాడు.

ఈ విషయంలో డెల్టాకి ఒక చరిత్ర ఉంది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్ళలో, సుమారు 1,80,000 జనాభాలో, ఏడాది పాటు జరిగిన చావులన్నీ నమోదు చేసి, ఇంటికి వెళ్ళి కారణం అడిగి తెలుసుకున్న అధ్యయనం 2006లో అచ్చయింది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ అని దాని పేరు. 1354 మరణాల్లో దాదాపు మూడో వంతు, 32 శాతం, గుండె, రక్తనాళాల జబ్బులవి. అంటువ్యాధుల వాటా 12 శాతం. పల్లెల్లో జనం జ్వరాలతో, విరేచనాలతో పోతారు, గుండెపోటు పట్నపు జబ్బు అని నమ్ముతున్న రోజుల్లో వచ్చిన లెక్క అది. ఇక్కడే 20 ఊళ్ళలో తీసిన మరో లెక్కలో పెద్దవాళ్ళలో నూటికి 13 మందికి షుగరు తేలింది. దేశం మొత్తానికి 11.4 శాతమని, దేశమంతటా షుగరు లెక్క తీసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో చెప్పింది. రెండిటి వయసు హద్దులూ పద్ధతులూ ఒకటి కావు కాబట్టి నేరుగా పోల్చను గానీ, ఈ పల్లెల్లో షుగరు కొత్తగా వచ్చిపడింది కాదని మాత్రం తెలుస్తుంది.

పనిలోకి వద్దాం. ముందు ఎంతమందిని కొలవాలో తేల్చుకోవాలి. నూటికి 25 మందికి బీపీ ఉంటుందని అంచనా, మన జవాబు అటూ ఇటూ 3 దాటి తప్పకూడదు అనుకుందాం. 1.96 (95 శాతం నమ్మకానికి వాడే అంకె) వర్గాన్ని 0.25తోనూ 0.75తోనూ గుణించి, 0.03 వర్గంతో భాగిస్తే 800 వస్తుంది. కానీ మనం 800 మందిని జిల్లా అంతటి నుంచీ చీటీలు తీసి ఎంచుకోం. కొన్ని ఊళ్ళు ఎంచుకుని, ఊరికి కొందరిని తీసుకుంటాం. ఒక ఊరివాళ్ళు ఒకే నీళ్ళు, ఒకే కిరాణా కొట్టు, ఒకే ఆర్‌ఎంపీ మీద బతుకుతారు కాబట్టి ఒకరికొకరు పోలి ఉంటారు. పదిమందిని అడిగినా పదిమంది విలువ రాదు. దీన్ని డిజైన్ ఎఫెక్ట్ అంటాం. ఊరికి 50 మంది చొప్పున తీసుకుని, ఊరిలోపలి పోలిక (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అందరూ అచ్చంగా ఒకటే) 0.01 ఉంటే అది దాదాపు 1.5. అప్పుడు 800 కాస్తా 1200 అవుతుంది. నూటికి 20 మంది దొరకరు, లేదా వద్దంటారు అనుకుంటే 1500. అంటే 30 ఊళ్ళు. ఊళ్ళు తగ్గించి ఊరికి 100 మంది చొప్పున తీస్తే జీపు ఖర్చు మిగులుతుందని నిధులిచ్చేవాళ్ళు ఎప్పుడూ అడుగుతారు. అప్పుడు డిజైన్ ఎఫెక్ట్ 2కి చేరుతుంది, మిగిలిన డబ్బు అందులోనే పోతుంది. నేనైతే ఎప్పుడూ ఊళ్ళు పెంచి, ఊరికి మనుషుల్ని తగ్గించమంటాను.

ఊళ్ళ జాబితా 2011 జనాభా లెక్కల నుంచి వస్తుంది. ఊళ్ళన్నీ వరసగా రాసి, జనాభా కలుపుకుంటూ పోయి, మొత్తాన్ని 30తో భాగించి, ఆ దూరం చొప్పున గుర్తు పెడతాం. పెద్ద ఊరికి తగిలే అవకాశం ఎక్కువ, చిన్న ఊరికి తక్కువ. ప్రతి ఊళ్ళోనూ ఒకే సంఖ్యలో మనుషుల్ని తీసుకుంటాం కాబట్టి చివరికి అందరికీ సమాన అవకాశం వస్తుంది. ఇక్కడ ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ, భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి, వేరుగా ఏలూరు, కాకినాడ ఏర్పడ్డాయి. పాత నివేదికలోని పశ్చిమ గోదావరి, ఇవాళ్టి పశ్చిమ గోదావరి ఒకటి కావు. పాతదాంట్లో ఏలూరు, పోలవరం వైపు మెట్ట, ఏజెన్సీ కూడా ఉన్నాయి. ఈ సంగతి పట్టించుకోకుండా రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ‘పదేళ్ళలో ఇంత పెరిగింది’ అని రాసేవాళ్ళున్నారు. మండలాల వారీగా విడగొట్టి, పాత హద్దుల్లో మళ్ళీ కూర్చితేనే ఆ పోలిక నిలుస్తుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. అది గిన్నె అంతా ఒకేలా ఉడికితేనే. డెల్టా ఊరు అలా ఉండదు. ఊరు, పేట, కాలనీ, శివారు, లంక, చెరువు గట్ల మీది పాకలు, తీరానికి దగ్గరైతే పల్లెపాలెం. తినే తిండి, చేసే పని, పొగాకు, మందులు కొనే స్తోమత ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. పైగా కోనసీమలో ఇళ్ళు వరసగా ఉండవు, కొబ్బరితోటల్లో విసిరేసినట్టు ఉంటాయి. ‘కుడిచేతి వైపు నుంచి ప్రతి ఐదో ఇల్లు’ అని పుస్తకంలో రాసుంటుంది. రెండు తోటలు దాటాక ఐదో ఇల్లేదో ఎవరికీ తెలియదు, సర్వే చేసే అబ్బాయి నడవడానికి వీలుగా రోడ్డు పక్కనున్నదే ఎంచుకుంటాడు. రోడ్డు పక్కవాళ్ళు కాస్త ఉన్నవాళ్ళు. అందుకని మేం ముందు చేత్తో పటం గీస్తాం. పంటకాలువ, మురుగుకాలువ, గుడి, చర్చి, రామకోవెల, నీళ్ళ ట్యాంకు హద్దులుగా పెట్టుకుని ఊరిని 100 నుంచి 150 ఇళ్ళ ముక్కలుగా చేస్తాం. ఆశా కార్యకర్తని పక్కన పెట్టుకుని ప్రతి ఇంటికీ నంబరు వేస్తాం. ఆశా చేతిలోని పుస్తకం ఒక్కదాన్నే నమ్మకూడదు. అందులో బాలింతలు, పసిపిల్లలు ఉన్న ఇళ్ళు బాగా ఉంటాయి, ఒంటరిగా ఉండే ముసలాయన ఇల్లు ఉండకపోవచ్చు. నంబర్లు వేశాక చీటీ కంప్యూటరు తీస్తుంది. తీసిన ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటికి మారకూడదు. ఇది మాత్రం ఎంత చెప్పినా తక్కువే.

ఎందుకంటే ఇక్కడ తాళం ఊరికే పడదు. కోనసీమ, నరసాపురం వైపు గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు ఎక్కువ, ఆడవాళ్ళు కూడా. కొబ్బరికాయలు దించే దింపు కార్మికులు తెల్లవారకముందే తోటలకి పోతారు. నాట్ల రోజుల్లో ఆడవాళ్ళు జట్లుగా ఆటోలెక్కి పక్క మండలానికి వెళతారు. చెరువుల కాపలా మనిషి రాత్రంతా మేల్కొని పగలు పడుకుంటాడు. వీళ్ళందరూ పనిచేసే వయసువాళ్ళు, బీపీ తక్కువ ఉండే వయసువాళ్ళు. లెక్క వేసి చూపిస్తాను: ఎంచిన 1500లో 1200 మంది దొరికారు, వాళ్ళలో నూటికి 30 మందికి బీపీ. దొరకని 300లో నిజంగా నూటికి 15 మందికే ఉందనుకుందాం. 360కి 45 కలిపితే 405. 1500లో అది 27 శాతం. మూడు శాతం తేడా కేవలం తాళాల వల్ల వచ్చింది. అందుకే ప్రతి ఇంటికీ మూడు పూటలా మూడుసార్లు: ఒకసారి పొద్దున్నే, ఒకసారి మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒకసారి దీపాల వేళ లేదా ఆదివారం. ఆరు నెలలకు పైగా ఊళ్ళో లేనివాళ్ళని జాబితాలోంచి తీసేస్తాం. ఊళ్ళో ఉండి దొరకనివాళ్ళ వయసు, ఆడా మగా, పని పక్కింటివాళ్ళని అడిగి రాసుకుంటాం. తర్వాత లెక్కలో దొరకనివాళ్ళ వాటా సరిచేయడానికి అదే ఆధారం.

కాలం కూడా చూసుకోవాలి. జులై, ఆగస్టుల్లో సార్వా నాట్లు, పైగా వరద, లంకల్లోకి పడవ వెళ్ళదు. నవంబరు, డిసెంబరుల్లో కోతలు. కార్తీకంలో ఉపవాసాలు. సంక్రాంతికి ఊరంతా చుట్టాలు, అరిసెలు. ఆ వారంలో తిండి గురించి అడిగిన ఏ జవాబూ ఏడాది మొత్తానికి పనికిరాదు. దాళ్వా నాట్లు పడ్డాక ఫిబ్రవరి, మార్చి నెలలు మాకు అనుకూలం. చలికాలంలో బీపీ కొంచెం ఎక్కువగా, ఎండాకాలంలో తక్కువగా ఉంటుంది. అందుకని సగం ఊళ్ళు డిసెంబరులో, సగం మే నెలలో చేస్తే ఆ తేడా ఊళ్ళ తేడాగా కనిపిస్తుంది.

ఇంటికి వెళ్ళగానే మొదట వచ్చే ప్రశ్న పెన్షన్ గురించి. రక్తం తీసి, పేరు రాసుకుంటే రేషన్ కార్డు పోతుందేమోనని కొందరి భయం. జబ్బు ఉందని రాయించుకుంటే పెన్షన్ వస్తుందేమోనని కొందరి ఆశ. రెండూ జవాబుల్ని వంకర చేస్తాయి. ఎథిక్స్ కమిటీ ఆమోదించిన అంగీకార పత్రం తెలుగులో చదివి వినిపించి, వేలిముద్ర వేసేవాళ్ళకి సాక్షి సంతకం పెట్టించాలి. దాంతోపాటు ఈ కాగితానికీ పథకాలకీ సంబంధం లేదని నోటితో చెప్పాలి. అత్తగారి ముందు కోడలు చెప్పే జవాబు వేరు, విడిగా చెప్పేది వేరు. కాబట్టి మాట్లాడేది విడిగానే.

ఇక పరగడుపు రక్తం. కనీసం 8 గంటలు నీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. ముందురోజు సాయంత్రం చెప్పి వస్తాం, ఫోను కూడా చేస్తాం. పొద్దున ఆరున్నరకి వెళ్ళి ‘ఏమైనా తిన్నారా అమ్మా?’ అంటే ‘ఆయ్, ఏం తినలేదండి’ అంటారు. అది నిజమే. ఇక్కడ తినడం అంటే ఇడ్లీయో చద్దన్నమో. పంచదార వేసిన టీ తినడం కిందికి రాదు. అందుకని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. టీ తాగారా, కాఫీ తాగారా, పాలు, మజ్జిగ, కొబ్బరినీళ్ళు, తాంబూలం, రాత్రి ఎన్నింటికి భోంచేశారు? ‘టిఫిను చెయ్యలేదండి, టీ నీళ్ళే కాసిని పుచ్చుకున్నాను’ అన్న మాట చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. అప్పుడు రక్తం తీయకుండా మర్నాటికి వాయిదా వేయాలి. ఫారంలో ‘పరగడుపు: అవును’ అని టిక్కు పెట్టి తీసేస్తే 118 ఉన్న మనిషి 150 చూపిస్తాడు, ఊళ్ళో కొత్త షుగరు రోగి ఒకరు పుడతారు. చెరువు కాపలాదారు సంగతి ఇంకోలా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి అన్నం తినే మనిషికి పొద్దున్నది పరగడుపు కాదు. ఆయన నిద్ర లేచాక, మధ్యాహ్నం తీయాలి. ఇన్సులిన్, షుగరు బిళ్ళలు వాడేవాళ్ళకి రక్తం తీశాకే మందు అని ముందురోజే చెప్పాలి, వాళ్ళనే మొదట పిలవాలి. వాళ్ళని వరసలో కూర్చోబెట్టడం ప్రమాదం.

తీసిన రక్తం కూడా ఊరికే ఉండదు. గొట్టంలో రక్తకణాలు గ్లూకోజును తింటూనే ఉంటాయి, మామూలు ఉష్ణోగ్రతలో గంటకి 5 నుంచి 7 శాతం. 132 ఉన్న రక్తం మూడు గంటలు అలా ఉంటే 110కి దిగుతుంది. పరగడుపున 126, ఆపైన ఉంటే షుగరు కాబట్టి ఆ మనిషి రోగి కాస్తా మామూలు మనిషి అయిపోతాడు. దీన్ని ఆపడానికి బూడిదరంగు మూత గొట్టంలో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. అది కూడా మొదటి గంటా రెండు గంటల్లో పూర్తిగా పనిచేయదు. అందుకని తీసిన వెంటనే గొట్టాన్ని ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి, ఐస్ ప్యాకుల మధ్య పెట్టాలి. గట్టిగా కుదిపితే కణాలు చితికిపోతాయి. గొట్టాల్ని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రం ఊళ్ళోకే తీసుకువెళ్ళి, పంచాయతీ ఆఫీసు కరెంటు మీద అక్కడే కణాల నుంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవం) విడదీస్తే ఇంకా మంచిది. సఖినేటిపల్లి వైపు పనిచేసి నమూనాలు ఒడ్డు దాటించాలంటే నరసాపురం రేవులో పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ) కోసం ఆగాలి. పంటు ఆగిపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఆ ప్రయాణ సమయం కూడా లెక్కలో ఉండాలి. అందుకే గొట్టం మీద పేరు బదులు నంబరు, తీసిన సమయం, ఐసులో పెట్టిన సమయం, ప్లాస్మా విడదీసిన సమయం రాస్తాం.

ఇంత తలనొప్పి ఎందుకు, గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ చేస్తే పరగడుపు అక్కర్లేదు కదా అంటారు. 6.5 శాతం గీత, వంగపండు రంగు మూత గొట్టం, ఎప్పుడైనా తీయొచ్చు. కానీ అది ఎర్ర రక్తకణం మీద ఆధారపడ్డ పరీక్ష. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా మహిళలకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 చెబుతోంది. ఐరన్ తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి హిమోగ్లోబిన్ చూడకుండా ఆ ఒక్క అంకెతో ఆడవాళ్ళలో షుగరు ఎక్కువని తేల్చకూడదు. వేలికి గుచ్చి చూసే గ్లూకోమీటరుకీ అదే ఇబ్బంది. రక్తం పలచగా ఉంటే ఎక్కువ చూపిస్తుంది. స్ట్రిప్పు డబ్బా మూత తీసి ఉంచితే ఈ గాలిలోని తేమకి స్ట్రిప్పులు పాడవుతాయి. మామిడిపండు తిన్న వేలికి గుచ్చితే పండు షుగరే వస్తుంది. చేతులు సబ్బుతో కడిగించి, పూర్తిగా ఆరనిచ్చి, మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకోవాలి.

బీపీ చూడ్డం అందరికీ వచ్చనుకుంటారు. తప్పులన్నీ దాదాపు ఒకే దిక్కుకి, ఎక్కువ చూపించే దిక్కుకి, లాగుతాయి. మేం వెళ్ళేసరికి ఇంట్లో నులకమంచం వాల్చి కూర్చోమంటారు. మంచం మీద కూర్చుంటే వీపుకి ఆనుకోడానికి ఏమీ ఉండదు, చెయ్యి ఒళ్ళో వేలాడుతుంది. చెయ్యి గుండెకంటే కిందికి ఉంటే పైఅంకె 10 దాకా పెరగొచ్చు. మాట్లాడుతుంటే ఇంకో 10. మూత్రం ఆపుకుని ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి వీపు ఆనే కుర్చీ, చెయ్యి పెట్టుకోడానికి స్టూలు, దాని మీద ఎత్తు కోసం మడిచిన దుప్పటి, పాదాలు నేల మీద, కాళ్ళు ఒకదాని మీద ఒకటి వేసుకోకుండా. 15 నిమిషాలు కూర్చోబెట్టాక మొదటి కొలత. మూడు నిమిషాలు ఆగి రెండోది, మళ్ళీ మూడు నిమిషాలకి మూడోది. మొదటిది సాధారణంగా ఎక్కువ వస్తుంది, అందుకని చివరి రెండింటి సగటే తీసుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టెప్స్ పద్ధతి ఇదే. పైఅంకె 140 గానీ కిందిది 90 గానీ చేరినా, అంతకు తక్కువున్నా బీపీ మందు వాడుతుంటే బీపీ ఉన్నట్టే లెక్క.

జాకెట్టు చెయ్యి బిగుతుగా ఉంటుంది. పైకి తోస్తే అది తాడు కట్టినట్టు బిగిసి రక్తాన్ని ఆపుతుంది, వదిలేస్తే కఫ్ (బీపీ యంత్రం నుంచి చేతికి చుట్టే పట్టీ) జాకెట్టు గుడ్డ మీద కూర్చుంటుంది. రెండూ పనికిరావు. ఆడ సిబ్బంది, లోపలి గది, వదులు చేతుల నైటీ. ముందురోజు చెప్పేటప్పుడే ఈ మాట కూడా చెబితే సగం ఇబ్బంది పోతుంది. కఫ్ కొలత మరో ముఖ్యమైన సంగతి. భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత టేపుతో చూసి, 22 నుంచి 32 సెంటీమీటర్లయితే మధ్య సైజు, 32 దాటితే పెద్దది, 22 కంటే తక్కువైతే చిన్నది వాడాలి. లావు చేతికి చిన్న కఫ్ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. ఊరికి ఒకే కఫ్ పట్టుకెళ్ళే బృందాల లెక్కలో లావుపాటి వాళ్ళందరికీ బీపీ ఉంటుంది. లావుకీ బీపీకీ ఉన్న సంబంధం నిజంకంటే పెద్దదిగా తేలుతుంది.

బరువు యంత్రం కింద నేల గట్టిగా, సమంగా ఉండాలి. చాప మీద, అలికిన మట్టినేల మీద పెడితే తేడా చూపిస్తుంది. అందుకని ప్లైవుడ్ ముక్క జీపులోనే ఉంటుంది. రోజూ పొద్దున 20 కిలోల తూకపు రాయి పెట్టి సరిచూడాలి. ఎత్తు కొలిచేటప్పుడు కొప్పు, పూలదండ అడ్డొస్తాయి. నడుము చుట్టుకొలత అన్నిటికంటే కష్టం. కింది పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక, చర్మం మీద కొలవాలి. చీర కట్టు, కుచ్చిళ్ళు ఉండేది అక్కడే. చీర మీద నుంచి కొలిస్తే రెండు మూడు సెంటీమీటర్లు ఊరికే పెరుగుతుంది. మనవాళ్ళలో ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్ల గీత పెడతాం కాబట్టి ఆ రెండు సెంటీమీటర్లే మనిషిని ఇటు నుంచి అటు దాటిస్తాయి.

ప్రశ్నల్లో ‘సిగరెట్ తాగుతారా?’ అంటే లేదంటారు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, పళ్ళపొడి విడివిడిగా అడగాలి. ‘వ్యాయామం చేస్తారా?’ అంటే రోజంతా ఒంగి నాట్లు వేసిన మనిషి లేదంటుంది. ఉప్పు ఎంత తింటారని అడిగితే అందరూ ‘మామూలుగానే’ అంటారు. మేం అడిగేది వేరు: నెలకి ఉప్పు ప్యాకెట్లు ఎన్ని, తినేవాళ్ళు ఎందరు? నలుగురికి నెలకి కిలో అంటే మనిషికి రోజుకి 8 గ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు. పైగా ఆవకాయకి వేసవిలో విడిగా కొన్న ఉప్పు, ఎండుచేపల్లో వచ్చే ఉప్పు ఇందులో లేవు. గేదెల కుడితిలో వేసేది తీసేయాలి. ఖచ్చితంగా తెలియాలంటే 24 గంటల మూత్రమే దారి. పొద్దున మొదటిది పారబోసి, అప్పటి నుంచి మర్నాడు మొదటిది కలిపి క్యానులో పట్టాలి. సోడియం మిల్లీమోళ్ళని 17.1తో భాగిస్తే ఉప్పు గ్రాములు. 150 వస్తే దాదాపు 9 గ్రాములు. పొలం వెళ్ళినప్పుడు క్యాను వెంట తీసుకువెళ్ళరు, కాబట్టి మొత్తం అర లీటరు కూడా లేకపోతే ఆ నమూనా వదిలేస్తాం. పని లేని రోజు చూసి పెట్టుకుంటేనే ఇది కుదురుతుంది.

మందుల గురించి నోటిమాట నమ్మం. ‘మందుల సంచి ఒకసారి చూపించండి’ అంటాం. క్యారీబ్యాగులో అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ పక్కనే గ్యాస్ బిళ్ళలు, నొప్పి బిళ్ళలు ఉంటాయి. డైక్లోఫినాక్ లాంటివి రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలకి చేటు; ఆ వాడకం కూడా రాసుకుంటాం. స్ట్రిప్పు మీద చివరిసారి ఎన్ని కత్తిరించారో చూస్తే వాడకం తెలుస్తుంది. గత రెండు వారాల్లో వేసుకుంటేనే వాడుతున్నట్టు లెక్క. ‘మొన్నటిదాకా వాడానండి, తగ్గిపోయింది, మానేశాను’ అన్నవాళ్ళని విడిగా రాయాలి. డెల్టాలో నా దృష్టిలో అన్నిటికంటే విలువైన గడి అదే. ఊళ్ళో మందు దొరక్క మానేశారా, డబ్బుల్లేక మానేశారా, తగ్గిందనుకుని మానేశారా అన్నదాన్ని బట్టి చేయాల్సిన పని మారుతుంది. 180/110 దాటినవాళ్ళని ఆరోజే పీహెచ్‌సీకి పంపుతాం. ఛాతీనొప్పి, మూతి వంకర, మాట తడబాటు కూడా ఉంటే 108ని పిలుస్తాం. సర్వే ఆగినా ఫరవాలేదు.

చావుల కారణం తెలుసుకునే పని వేరే రకం. మరణ ధ్రువపత్రంలో కారణం ఉండదు. జనన మరణ నమోదు చట్టం 1969 ప్రకారం ఇచ్చే నకలులో అది రాయకూడదు. ఇంట్లో పోయినవాళ్ళకి డాక్టరు రాసిన కాగితమే ఉండదు. అందుకని వెర్బల్ ఆటాప్సీ: ఆఖరి రోజుల్లో దగ్గరుండి చూసుకున్న మనిషితో కూర్చుని లక్షణాలు అడిగి రాయడం. పెద్దకార్యం అయ్యాక నెలకి తక్కువ కాకుండా ఆగి, ఆరు నెలలు దాటకముందే వెళతాం. ఇంటి యజమానితో కాదు, సేవ చేసిన భార్యతోనో కూతురితోనో మాట్లాడాలి. ‘గుండె ఆగిపోయిందండి’ అంటే కారణం కాదు, అందరికీ చివర ఆగేది గుండే. ‘వయసైపోయింది’ కూడా కారణం కాదు. నొప్పి ఎక్కడ మొదలైంది, ఎడమ చేతిలోకి, దవడలోకి పాకిందా, చెమటలు పట్టాయా, మొదలైన ఎంతసేపటికి పోయారు? ఒక చెయ్యి, కాలు పడిపోయాయా? వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చేదా, కాళ్ళకి నీరు పట్టిందా? ‘గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగించామండి, గంటలో పోయారు’ అన్న మాట వింటే గుండెపోటు అనుమానించాలి, అయినా సర్వే చేసే మనిషి తానుగా తేల్చకూడదు, అన్న మాట అన్నట్టు రాయాలి. ‘పొలంలో పడిపోయి ఉన్నాడు’ అంటే మరీ జాగ్రత్త. గుండెపోటు కావచ్చు, పాముకాటు కావచ్చు, చెరువు దగ్గర మోటారు కరెంటు కావచ్చు, పురుగుమందు కావచ్చు. ఆఖరిదాన్ని కుటుంబాలు కడుపునొప్పి అని చెబుతాయి. నురగ, వాసన, దగ్గర ఏం కనిపించింది అని మెల్లగా అడగాలి, చెప్పకపోతే బలవంతం చేయకూడదు. పాత ఈసీజీ, డిశ్చార్జి కాగితాలు బీరువా మీది సంచిలో దొరుకుతాయి, అడిగితే తీసిస్తారు. ఆ కథనాన్ని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చదివి కారణం రాస్తారు. కుదరకపోతే మూడో డాక్టరు చూస్తారు.

ఆఫీసుకి చేరిన అంకెల్ని రోజూ చూడాలి, నెలాఖరున కాదు. బీపీ అంకెల చివరి అంకె 0 నుంచి 9 దాకా దాదాపు సమానంగా, పదో వంతు చొప్పున రావాలి. ఒక అబ్బాయి ఫారాల్లో 120/80, 130/80, 140/90 మాత్రమే ఉంటే అతను యంత్రం చూడలేదని అర్థం. మూడు కొలతల మధ్య సమయం రెండు నిమిషాలే ఉన్నా, ఒకరితో గంట పట్టాల్సిన ప్రశ్నలు పావుగంటలో ముగిసినా, జీపీఎస్ గుర్తులన్నీ ఒకే టీ కొట్టు దగ్గర ఉన్నా ఆ ఇళ్ళకి మళ్ళీ వెళ్ళాలి. ఒకరి ఫారాల్లో 140 కిందికి 138లు, 139లు గుమిగూడితే, పీహెచ్‌సీకి పంపే శ్రమ తప్పించుకుంటున్నారేమో చూడాలి. తిట్టే ముందు, రోజుకి ఎన్ని ఇళ్ళు పెట్టామో మనం చూసుకోవాలి. రోజుకి 8 మందిని మించి ఒకరికి అప్పగిస్తే ఇలాంటివి తప్పవు.

లెక్క కట్టేటప్పుడు వయసు సరిచేయకపోతే ఏ పోలికా నిలవదు. ఉదాహరణకి రెండు ఊళ్ళు తీసుకుందాం. రెండిట్లోనూ 45 లోపువాళ్ళలో నూటికి 20, పైవాళ్ళలో నూటికి 50 మందికి బీపీ. మొదటి ఊళ్ళో 70 శాతం చిన్నవాళ్ళు: మొత్తం 29. పిల్లలు హైదరాబాదుకీ గల్ఫ్‌కీ పోయి ముసలివాళ్ళు మిగిలిన రెండో ఊళ్ళో సగం సగం: మొత్తం 35. జబ్బులో తేడా ఏమీ లేదు. డెల్టా ఊళ్ళు చాలావరకు ఆ రెండో రకానివి. అందుకే వయసు సరిచేయని అంకె పట్టుకుని ఇక్కడివాళ్ళ తిండిని తప్పుపడితే ఒప్పుకోను. అలాగే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ తీసేది పరగడుపు కాని షుగరు, 140 దాటితే ‘ఎక్కువ’ అని రాస్తుంది. మా 126 పరగడుపు లెక్క పక్కన దాన్ని పెట్టి పోల్చకూడదు. ఇంకోటి. నూటికి ఎంతమంది అన్న అంకె పెరిగిందంటే జబ్బు పెరిగిందని కాకపోవచ్చు. మందులు అందుతున్నాయి కాబట్టి షుగరున్నవాళ్ళు పదేళ్ళు ఎక్కువ బతికినా అది పెరుగుతుంది. కొత్తగా ఏటా ఎందరికి వస్తోంది అన్నది తెలియాలంటే ఇవాళ జబ్బు లేనివాళ్ళని ఏళ్ళ తరబడి వెంబడించాలి. ఫోను నంబర్లు మారిపోతాయి కాబట్టి ఇంటివాళ్ళవి కాక పుట్టింటివి, పక్కింటివి కూడా రాసుకోవాలి.

ఫలితాల కాగితం ప్రతి మనిషికీ వాళ్ళ ఇంట్లోనే, వాళ్ళ చేతికే ఇస్తాం. సర్పంచికి, సచివాలయానికి ఊరి మొత్తం అంకెలే. పేర్లు ఒప్పుకున్నవాళ్ళవి మాత్రమే ఏఎన్‌ఎంకి వెళతాయి. మూడు నాలుగేళ్ళకి మళ్ళీ వెళ్ళినప్పుడు అదే నెల, అవే ముక్కలు, అదే ప్రశ్నల వరస, అదే మోడల్ యంత్రం. కంపెనీ ఆ మోడల్ ఆపేస్తే పాతదీ కొత్తదీ ఒకే 50 మంది మీద మార్చి మార్చి పెట్టి, రెండిటి తేడా ఎంతో ముందే రాసి ఉంచుతాం. కొత్త కొలతలు పాతవాటితో పోల్చే ముందు ఆ తేడా తీసేయాలి.